పుష్యమి మీద నింద

నర్సు పాపను తెల్లటి గుడ్డలో చుట్టి కాన్పుల గది బయటికి తెచ్చేసరికి, పాప తండ్రి క్రాంతి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"పాపా కౌన్ హై? ఆయియే, బేటీ హుయీ హై!" అని ఆ ఢిల్లీ నర్సు తండ్రి కోసం చూస్తూ నవ్వుతూ పిలిచింది. అతను కదల్లేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, తల వంచుకుని, గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడే ఉన్నాడు.

"ఒరేయ్, నిన్నేరా పిలుస్తోంది" అంటూ తల్లి ఉమారాణి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"నేను తర్వాత చూస్తాలే అమ్మా. నువ్వు తీసుకో."

"తర్వాతేంట్రా? నీ కూతురు ఇక్కడుంటే?"

సమాధానం వియ్యపురాలు సుభాషిణి చెప్పింది. ఆవిడ దగ్గరికొచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది. "వదినగారూ, ఇవాళ నక్షత్రం పుష్యమి. మా పంతులుగారిని అడిగాం. ఈ పాదంలో పుడితే తండ్రికి గండం ఉందిట. శాంతి చేయించేదాకా అల్లుడుగారు పాప మొహం చూడకూడదన్నారు. మళ్ళీ పుష్యమి వచ్చిన రోజున గిన్నెలో నూనె పోసి, అందులో నీడ చూపిస్తే దోషం పోతుందిట. నెలలోపే కదా!"

ఉమారాణి నర్సు చేతుల్లోంచి పాపను అందుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. ఆమెను ఎరిగినవాళ్ళు అక్కడుంటే ఆ మౌనం చూసి భయపడేవాళ్ళు. ఆఫీసులో ఆమె గొంతు రెండు గదుల అవతలికి వినిపిస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసే స్వీపరును ఎవడో ఏదో అన్నాడని డిప్యూటీ సెక్రటరీ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళిన మనిషి. అలాంటిది, చేతిలో మనవరాలిని పెట్టుకుని, పెదవులు బిగించి ఊరుకుంది.

ఉమారాణి పుట్టింది కూడా పుష్యమిలోనే.

తెనాలికి దగ్గర్లో ఒక ఊరు ఆమెది. తండ్రి సీతారామయ్య ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆమెకి పాకే వయసు వచ్చేసరికి ఆయన లేడు. తండ్రి మొహం ఆమెకి తెలియదు. ఆయన గురించి తెలిసిందల్లా, ఆయన తన వల్ల పోయాడని. నాయనమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచేది కాదు, "గండప్పిల్ల" అనేది. తర్వాత తల్లి ఆమెను తీసుకుని పుట్టింటికి చేరింది. అక్కడ మేనమామ మంచివాడే. అయినా ఎవరైనా ప్రయాణమై గుమ్మం దాటబోతుంటే అత్త వచ్చి, "ఉమా, పెరట్లో బట్టలు తీసుకురామ్మా" అనేది. తీగ మీద బట్టలు ఉండేవి కావు. రెండుసార్లు ఖాళీ తీగ చూసి తిరిగొచ్చాక, మూడోసారి నుంచి ఆమె పెరట్లోకి వెళ్ళి, వెళ్ళేవాళ్ళు వెళ్ళేదాకా గోడకి ఆనుకుని నిలబడేది.

అదే ఊళ్ళో పుష్యమి కార్తెలో వాన పడితే అందరూ సంబరపడేవాళ్ళు. నాట్లకి ఢోకా లేదనేవాళ్ళు. ఆ పుష్యమి, తన పుష్యమి ఒకటేనా అని ఆమె ఒకసారి తల్లిని అడిగింది.

బాపట్ల సంబంధం ఒకటి మాటలదాకా వచ్చింది. పిల్ల నక్షత్రం అడిగారు. తెలిశాక, "మామగారికి కూడా చుట్టుకుంటుందేమో" అని లేచిపోయారు. ఆ ఏడే ఆమె స్టాఫ్ సెలక్షన్ పరీక్ష రాసింది. ఉద్యోగం ఢిల్లీలో వచ్చింది. రైలెక్కిన రోజున మాత్రం ఎవరూ ఆమెను పెరట్లోకి పంపలేదు, ఎందుకంటే ప్రయాణం ఆమెదే.

ఢిల్లీలో ఉద్యోగినుల హాస్టల్లో ఉండేది. ఆదివారం పూట పప్పన్నానికి మొహం వాచి అశోకా రోడ్డులోని తెలుగువాళ్ళ క్యాంటీనుకి భోజనానికి వెళ్ళేది. అక్కడే శేషగిరి పరిచయమయ్యాడు. ప్రభుత్వ భవనాలు కట్టే శాఖలో జూనియర్ ఇంజనీరు. ఎక్కువ మాట్లాడడు. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఆమె ముందుగా చెప్పేసింది, నాది ఫలానా నక్షత్రం, మా నాన్న ఇలా పోయాడు, ఆలోచించుకోండి అని. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "నాదే నక్షత్రమో నాకు తెలీదు. మా అమ్మకి గుర్తులేదు" అన్నాడు. ఆ మాటకే ఆమె ఆయన్ని చేసుకుంది.

కొత్తలో ఒకసారి కరోల్‌బాగ్‌లో నగల దుకాణం ముందు పెద్ద బోర్డు చూసింది. పుష్య నక్షత్రం రోజున బంగారం కొంటే ఇల్లు కళకళలాడుతుందని హిందీలో రాసి ఉంది. జనం వరసలో నిలబడి ఉన్నారు. ఆమె అక్కడే నిలబడి నవ్వింది. బస్సెక్కాక ఆ నవ్వు ఆగిపోయి ఒళ్ళంతా మంటలెత్తింది. ఇక్కడ బంగారం కొంటారు. అక్కడ పసిపిల్లని పెరట్లోకి తోస్తారు. ఎవరికి ఎలా కావాలంటే అలా వాడుకుంటారన్నమాట!

కొడుకు పుట్టాక జాతకం రాయించలేదు. మయూర్ విహార్ ఫ్లాట్లోకి పంచాంగం రానివ్వలేదు. క్రాంతి తెలుగు విని హిందీలో జవాబు చెబుతూ పెరిగాడు, ఇంజనీరింగ్ చదివాడు, గుర్గావ్‌లో ఉద్యోగంలో చేరాడు. వీడికి ఆ గొడవలేవీ అంటవని ఆమె ధైర్యంగా ఉంది. తీరా చూస్తే వాడి ఫోన్లోనే జ్యోతిష్యం ఉంది. ఏ రోజు ఏ రంగు చొక్కా వేసుకోవాలో ఒక యాప్ చెబుతుంది. పుష్యమి మాట అత్తగారు చెప్పగానే వాడు ఆ యాప్‌లో ఒక పండితుడిని అడిగాడు. ఆయనా అవునన్నాడు. పాప ఫొటో చూడొచ్చా అని కూడా వీడు అడిగాడట. వద్దన్నాడట.

కోడలు వైశాలి పాపతో సాకేత్‌లోని పుట్టింటికి వెళ్ళింది. క్రాంతి తల్లిదండ్రుల దగ్గరికి వచ్చి తన పాత గదిలో దిగాడు. శేషగిరి ఫోన్లో మనవరాలి వీడియో పెడితే చాలు, వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయటికి పోయేవాడు. వారం రోజులు ఉమారాణి చూసింది. ఒక సాయంత్రం గోంగూర ఒలుస్తూ ఇక ఆపుకోలేకపోయింది.

"రెండున్నర కిలోల పసిగుడ్డురా అది. దాన్ని చూసి దాక్కుంటున్నావా?"

"అమ్మా, ప్లీజ్. ఒక నెల, బస్, అంతే. వైశాలి వాళ్ళ అమ్మగారు హ్యాపీ, అందరూ హ్యాపీ. రిస్క్ ఎందుకు?"

"రిస్కేంటి? అదా రిస్కు?"

"నేను ఇవన్నీ నమ్మను యార్. కానీ మన ఇంట్లోనే జరిగింది కదా. నువ్వు పుట్టావు, సంవత్సరం కూడా కాలేదు, తాతగారు పోయారు. నువ్వే కదా అమ్మా ప్రూఫ్!"

వాడు కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు, మామూలుగా అన్నాడు. అందుకే ఆ మాట లోతుగా దిగింది. నాయనమ్మ అంటే చదువులేని మనిషి. బాపట్లవాళ్ళు పరాయివాళ్ళు. వీడు తన కడుపున పుట్టి, తన చేతి ముద్దలు తిని, ఇన్నేళ్ళూ లోపల ఇదే అనుకుంటున్నాడు. ఆమె ఒళ్ళోని పళ్ళెం నేలకేసి కొట్టింది. గోంగూర గదంతా పడింది.

"వాడేదో తెలీక..." అని శేషగిరి లేచాడు.

"మీరు మాట్లాడకండి! ముప్ఫై ఏళ్ళుగా ఏ గొడవలోనూ మాట్లాడలేదు. ఇవాళ వీణ్ణి వెనకేసుకొస్తారా?"

ఆయన కూర్చున్నాడు. తర్వాత కింద పడిన ఆకులన్నీ ఏరాడు.

మర్నాడు పాల బూతు దగ్గర ఇంద్రాణి కనిపించింది. అదే సొసైటీలో కింది అంతస్తులో ఉంటుంది, కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, విజయవాడ పిల్ల. స్టూడెంట్లని నక్షత్రాలు చూపించడానికి ఊరి బయటికి తీసుకెళ్తుంటుందని ఉమారాణికి తెలుసు.

"ఇంద్రాణీ, పుష్యమి అనేది నిజంగా ఆకాశంలో ఉంటుందా? లేక ఉత్త పేరేనా?"

"ఎందుకుండదు ఆంటీ? ఈ నెలలో సాయంత్రం చీకటి పడగానే దాదాపు నడినెత్తిన ఉంటుంది. కానీ మన ఢిల్లీ దీపాల్లో కనిపించదు. చాలా మసక. ఏం, చూస్తారా?"

"చూస్తాను. అదేంటో నేను చూడాలి" అంది ఉమారాణి. అయితే వాన పడి దుమ్ము తగ్గాక వెళ్దామంది ఇంద్రాణి.

రెండు రోజుల తర్వాత మార్చి నెల గాలివాన వచ్చింది. వడగళ్ళు కూడా పడ్డాయి. దుమ్మంతా కడుక్కుపోయింది. ఆ శనివారం శేషగిరి కారు తీశాడు. ముగ్గురూ గుర్గావ్ దాటి, సోహ్నా దాటి, గుట్టల పక్కన ఒక ఖాళీ పొలం దగ్గర ఆగారు. అప్పుడే చీకటి పడింది. ఢిల్లీ వైపు ఆకాశం ఇటుక రంగులో వెలుగుతోంది కానీ నెత్తి మీద నల్లగా ఉంది.

ఇంద్రాణి ముందు బైనాక్యులర్స్ ఇచ్చింది. "అదిగో ఆ జంట నక్షత్రాలు పునర్వసు. ఇటు వైపు మెరిసేది మఖ. రెండింటికీ మధ్యలో ఖాళీగా ఉన్నట్టుంది కదా, అక్కడ చూడండి. పొగలాగా ఒక గుంపు కనిపిస్తుంది. దానికి ఆనుకుని నారింజ రంగులో ఒక చుక్క."

ఉమారాణి చాలాసేపు వెతికింది. బైనాక్యులర్స్ కదలకుండా శేషగిరి వెనకనుంచి మోచేతులు పట్టుకున్నాడు. చివరికి దొరికింది. పండిన నారింజ తొక్క రంగులో, చిన్నగా, కదలకుండా ఉంది.

"ఇదేనా?"

"ఇదే. మనవాళ్ళు పుష్యమికి గుర్తుగా పెట్టుకున్న నక్షత్రం. వయసు మళ్ళి ఉబ్బిన నక్షత్రం ఆంటీ, మన సూర్యుడికన్నా చాలా పెద్దది. మీరు చూస్తున్న వెలుగు అక్కడ బయల్దేరి నూట ముప్ఫై ఏళ్ళయింది."

"అంటే నేను పుట్టకముందే."

"మీ తాతలు కూడా పుట్టకముందేమో. ఇప్పుడు బైనాక్యులర్స్ తీసేసి చూడండి. సూటిగా కాదు, కొంచెం పక్కకి చూస్తే కనిపిస్తుంది."

మామూలు కంటికి అది ఉండీ లేనట్టుంది. సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు పక్కకి జరిపితే మళ్ళీ వస్తుంది. రంగు కూడా తెలియడం లేదు. ఉమారాణికి ఏడుపు వస్తుందేమో అని శేషగిరి దగ్గరగా నిలబడ్డాడు. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం కాళ్ళ దగ్గర మొదలై నెత్తికెక్కింది.

"ఇదా! ఇది మా నాన్నని చంపిందా? దీన్ని చూడ్డానికి ఇంత దూరం రావాలి, అద్దాలు పెట్టుకోవాలి, ఇంకొకళ్ళు చెయ్యి పట్టి చూపించాలి! నన్ను తిట్టిపోసినవాళ్ళలో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళయినా తలెత్తి దీన్ని చూశారా? ఎక్కడుంటుందో తెలుసా వాళ్ళకి?"

ఆ అరుపుకి పొలం అవతల ఎక్కడో కుక్క మొరిగింది. ఉమారాణి కారులో కూర్చుని ఇల్లు చేరేదాకా కిటికీ వైపే మొహం పెట్టుకుంది.

పొద్దున్నే మెట్రో ఎక్కి సాకేత్ వెళ్ళింది. సుభాషిణి ఆప్యాయంగానే ఆహ్వానించి, మినపసున్ని పెట్టింది. ఉమారాణి ముట్టుకోలేదు. నేరుగా లోపలి గదిలోకి వెళ్ళింది. వైశాలి జుట్టు రేగిపోయి, కళ్ళు ఉబ్బి, పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"నిన్ను అడిగారా ఈ శాంతి గురించి?"

"నన్నెవరు అడిగారు అత్తయ్యా?" అంది వైశాలి. "నాకు కుట్లు సలుపుతుంటే అమ్మ పంతులుగారితో మాట్లాడేసింది. క్రాంతి సరేనన్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు, ఆడియో! పాప ఏడుపు వినిపిస్తే కట్ చేస్తాడు. ఏడుపు కూడా వినకూడదేమో! దీని మొహం చూస్తే నాకేమీ కావడం లేదు. వాడికే ఎందుకవుతుంది?"

"అయితే పద."

సుభాషిణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బాలింతని ఇలా తీసుకుపోతారా వదినగారూ? రేపు అల్లుడుగారికి ఏదైనా అయితే మా అమ్మాయి గతేంటి? ఆ పాపం ఎవరిది?"

"నాది. ఆ మాట నా మీద వెయ్యండి, నాకు అలవాటే. దీని మీద మాత్రం వెయ్యకండి."

సుభాషిణి పక్కకి తప్పుకుంది. కాసేపటికి ఆవిడే పాప దుప్పటి, గుడ్డల సంచీ తెచ్చి ఉమారాణి పిలిపించిన ట్యాక్సీ కిటికీలోంచి కూతురి ఒళ్ళో పెట్టింది.

ఆదివారం కావడంతో క్రాంతి ఇంట్లోనే ఉన్నాడు. బాల్కనీలోంచి వీళ్ళు దిగడం చూశాడు. పైకి వచ్చేసరికి స్నానాలగదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

"క్రాంతీ, బయటికి రా" అంది వైశాలి.

"నువ్వు ఎందుకు వచ్చావు? ఇంకా రెండు వారాలే కదా, వైశూ! సమఝో నా, అర్థం చేసుకో."

ఉమారాణి కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి తలుపు ముందుకి వచ్చింది.

"నేను ప్రూఫన్నావు కదా. విను. మీ తాత ఎలా పోయాడో తెలుసా నీకు? మిల్లులో బాయిలరు పేలి పోయాడు. అది కారుతోందని, బాగుచేయించకపోతే నడపలేనని అంతకుముందే మిల్లు యజమానితో చెప్పాడు. కోతల కాలం, వడ్లు కుప్పలుగా పడున్నాయి, ఈ వారం నడుపు తర్వాత చూద్దామన్నాడు ఆయన. నడిపాడు. పేలింది. కర్మకాండ అయ్యాక ఆ యజమాని ఇంటికొచ్చి మా నాయనమ్మతో అన్న మొదటి మాటేంటో తెలుసా? 'పిల్లది పుష్యమటగా!' అన్నాడు. శాంతి తనే దగ్గరుండి చేయించాడు. అంతే, ఇక ఆయన్ని అడిగినవాడు లేడు. ఊరు అడగలేదు, పోలీసులు అడగలేదు, మా నాయనమ్మ అడగలేదు. నేనప్పుడు పాకుతున్నాను. ఇదంతా మా అమ్మ పోయే ముందు, ఇదే ఇంట్లో, ఆ మంచం మీద చెప్పింది."

లోపలినుంచి, "నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు క్రాంతి.

"చెప్పడానికి ఆ యజమానీ లేడు, మా నాయనమ్మా లేదు. ఇంకెవరితో కొట్లాడను? నా కొడుకుతోనే కొట్లాడాల్సి వస్తుందని నాకేం తెలుసు?"

అప్పుడు శేషగిరి వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

"పక్కకి జరుగు ఉమా."

ఆయన ముందు కింది కీలు దగ్గర కూర్చుని మరలు విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టిన మరని రెండు చేతులతో తిప్పాడు.

"నాన్నా! యే క్యా కర్ రహే హో?"

"తలుపు తీసేస్తున్నాను. లోపలే ఉండాలనుంటే ఉండు. తలుపు మాత్రం ఉండదు."

ఉమారాణి తన భర్త గొంతులో అంత గరుకుదనం ఎప్పుడూ వినలేదు. ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పై కీలు కూడా ఊడదీసి, తలుపుని ఒక పక్కనుంచి ఎత్తి, గడియలోంచి లాగి గోడకి చేర్చాడు. లోపల క్రాంతి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి.

వైశాలి పాపతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "క్రాంతీ, ఒక్కసారే చెబుతాను. ఇప్పుడు చూడకపోతే తర్వాత నూనెలో కూడా నువ్వు చూడక్కర్లేదు."

పాపకి ఎక్కిళ్ళు వస్తున్నాయి. క్రాంతి తువ్వాలు తీశాడు. నేలవైపు చూశాడు, తర్వాత వైశాలి పాదాలవైపు, తర్వాత మెల్లగా పైకి.

"ఇత్నీ ఛోటీ హై... ఇంత చిన్నగా" అన్నాడు. రెండు చేతులూ చాపాడు. పాపను ఎత్తుకున్నాక తడి నేల మీదే కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఉమారాణి అది చూస్తూ నిలబడలేదు. కోడలు పొద్దున్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళి, వెల్లుల్లి కారం నూరి, వేడన్నం పెట్టింది. కొడుకు వచ్చి "సారీ అమ్మా" అంటే, "ఆ బకెట్టు సరిగ్గా పెట్టు" అంది.

శాంతి ఆగలేదు. అనుకున్న రోజున సుభాషిణి సాకేత్‌లో చేయించింది. క్రాంతి పాపను తనే ఎత్తుకుని వెళ్ళి, పక్షం రోజులుగా రోజూ చూస్తున్న మొహాన్నే నూనెగిన్నెలో మళ్ళీ చూసి వచ్చాడు. అత్తగారి మనసు కోసమన్నాడు. ఉమారాణి వెళ్ళలేదు. పాపకి పుష్య అని పేరు పెడదామని వైశాలి అంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఆ మాట దాని నెత్తిన మళ్ళీ ఎందుకు?" అంది. సుభద్ర అని పెట్టారు.

కొడుకుతో ఆమె మాట్లాడేది పాల గురించి, డైపర్ల గురించే. ఆ 'ప్రూఫ్' అన్న మాట ఆమెకి అరగలేదు.

జూలై ఆఖర్లో, వానల్లో, క్రాంతి స్కూటర్ మీద వస్తూ రోడ్డు మధ్యలో తవ్వి వదిలేసిన గుంతలో పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. నీళ్ళు నిండి గుంత కనిపించలేదు. చుట్టూ కంచె లేదు, దీపం లేదు. ఆస్పత్రిలో కట్టు వేస్తుండగానే సుభాషిణి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "నేను ముందే చెప్పానా వదినగారూ! శాంతికి ముందే చూశారు కదా..."

"వదినగారూ, ఆ గుంత తవ్విందెవరో మీకు తెలుసా?" అంది ఉమారాణి.

"గుంతేంటండీ?"

"నాకూ తెలీదు. కనుక్కుంటాను."

మర్నాడు సెలవు పెట్టింది. క్రాంతి కట్టు చేత్తో ఆమె వెంట బయల్దేరాడు. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. వార్డు ఆఫీసులో గుమాస్తా ఫ్యాన్ కింద కూర్చుని, "మాతాజీ, జో కిస్మత్ మే లిఖా హోతా హై..." అని నుదుటిరాత గురించి మొదలుపెట్టాడు. ఉమారాణి నోరు తెరిచేలోపే క్రాంతి ఎడమ చెయ్యి టేబుల్ మీద చరిచాడు.

"కిస్మత్ ఛోడియే. ఠేకేదార్ కా నామ్ బతాయియే!"

గుమాస్తా కాంట్రాక్టరు పేరు చెప్పలేదు, రేపు రమ్మన్నాడు. వాళ్ళు రేపు వెళ్ళారు, ఎల్లుండి వెళ్ళారు. నాలుగోసారికి పేరు బయటపడింది. ఆ కాంట్రాక్టరుకి శిక్షేమీ పడలేదు, నోటీసు ఇచ్చామన్నారు. గుంత మాత్రం పూడ్చారు, దాంతోపాటు ఆ వీధిలో ఉన్న మరో రెండూ పూడ్చారు.

పూడ్చిన రోజు సాయంత్రం తల్లీకొడుకులు అక్కడ నిలబడి చూశారు. రోలరు అటూ ఇటూ తిరుగుతోంది. తారు వాసనకి క్రాంతి దగ్గాడు.

"పైన సరిగ్గా అణగలేదు అమ్మా. మళ్ళీ వానొస్తే కుంగుతుంది."

"అయితే వాడితో చెప్పు" అంది ఉమారాణి.

క్రాంతి రోలరు ఆపించి, కట్టు చెయ్యి ఊపుతూ మేస్త్రీతో గొడవకి దిగాడు. ఉమారాణి పక్కకి వచ్చి నిలబడి, వాడు మాటకి తడుముకున్న చోటల్లా తన గొంతు కలిపింది.